బీ, ఆర్‌తో మొదలయ్యే మాటలు

మధ్యాహ్నం. పిల్లలింకా రాని ట్యూషన్ గది. మాస్టారు, టైర్ల కొట్టాయన.

“చెయ్యి బల్ల మీద పెట్టమన్నానా?”

“పెట్టాను కదయ్యా.”

“అది కాదు. కొట్టిన చెయ్యి. కుడిది.”

“ఇదిగో. ఆ సుద్దముక్కలు కాస్త పక్కకి జరుపు, పొడైపోతాయి.”

“ఎకసెక్కాలా? ఇది టైరు ఊడదీసే రాడ్డు మాస్టారూ. లారీ టైర్లే నోరు తెరుస్తాయి దీనికి.”

“చూస్తూనే ఉన్నాను.”

“నా కూతురివి మూడు వేళ్ళు విరిచావు. మూడు! పొద్దున వాళ్ళమ్మ ముద్ద నోట్లో పెడుతుంటే చూడలేకపోయాను. ఏం, ఇంగ్లీషు ముక్క రాకపోతే వేళ్ళు విరిచేస్తారా?”

“చేర్పించిన రోజు ఏమన్నావు? కళ్ళు రెండూ మాకొదిలేసి తోలు తీసెయ్యండి మాస్టారూ అన్నావా లేదా?”

“మాటవరసకి అంటారు! ప్రతి తండ్రీ అంటాడు! అంటే నిజంగా తీసేస్తావా?”

“సరే. ఇప్పుడేమంటావు?”

“ఏ పాఠానికి కొట్టావో ఆ పాఠం నాకప్పగించు. మాట, దాని అర్థం. నాకు తేడాగా అనిపించిందా, వేలు పోతుంది. నా పిల్ల పడ్డదంతా నువ్వూ పడాలి.”

“పాఠం పెద్దదయ్యా. బీ, ఆర్, ఆ రెండక్షరాలతో మొదలయ్యే మాటలన్నీనూ.”

“ఎంత పెద్దదైతే నాకేం? నాకు తొందర లేదు.”

“మంచిది. నాకూ లేదు. బ్రిక్, ఇటుక. బ్రైబ్, లంచం. బ్రూమ్, చీపురు.”

“ఊ, కానీ.”

“మా దగ్గరొక పద్ధతుంది. ఉత్త అర్థం చెబితే చాలదు, ఇంట్లో చూసిందేదో దానికి తగిలించి చెప్పాలి. అప్పుడే బుర్రలో నాటుకుంటుంది. బ్రూమ్‌కి మీ బుల్లి ఏం చెప్పిందో తెలుసా?”

“ఏం చెప్పింది?”

“మా నాన్న అమ్మ వీపు మీద విరగ్గొట్టినది అంది.”

“పిల్లలు ఏదో వాగుతారు. తర్వాతది కానీ.”

“బ్రైడ్, పెళ్ళికూతురు. గోడ మీద ఫొటోలో నవ్వుతున్న అమ్మ అంది. ఆ నవ్వు ఫొటోలో తప్ప చూళ్ళేదట.”

“ఇంట్లో సంగతులు నీకెందుకు? పాఠం చెప్పు, పాఠం!”

“ఇదే పాఠం. బ్రూయిజ్, కమిలిన గాయం.”

“దానికేమంది?”

“వద్దులే.”

“చెప్పమంటున్నానా!”

“అమ్మ మెడ చుట్టూ ఉంటుంది, అందుకే ఎండాకాలం కూడా కొంగు కప్పుకునే... అమ్మా! అయ్యో, అమ్మా...”

“ఒకటి. నా ఇంటి గుట్టు నీకు కావాలా? కావాలా?”

“మాస్టారూ! నేనండీ, పక్క వాటా దాన్ని. ఏంటా అరుపు? తలుపు తీయండి.”

“ఏం... ఏం లేదమ్మా. సొరుగులో వేలు పడింది.”

“గడియేశారేం పట్టపగలు?”

“పెద్ద వయసాయన ఒకరు చదువుకోడానికొచ్చారు. నలుగురూ చూస్తే సిగ్గుపడతారు. నువ్వెళ్ళమ్మా.”

“వెళ్ళిపోయింది. ఏం మాస్టారూ, ఒక్క కేక వేస్తే వీధంతా వచ్చి నన్ను చితక్కొట్టేదిగా. ఎందుకు పంపేశావు?”

“పాఠం మధ్యలో ఆగడం నాకు నచ్చదు. చిటికెన వేలే కదా. సుద్ద పట్టుకోడానికి దాంతో పని లేదు.”

“పొగరు చూడు ముసలాడికి!”

“బ్రీత్, ఊపిరి. నాన్న చెప్పుల చప్పుడు వినబడగానే మేం బిగబట్టుకునేది అంది.”

“నోర్ముయ్!”

“నువ్వే కదా అప్పగించమ... అబ్బా! అబ్బబ్బా... నీళ్ళు. ఆ కూజాలో...”

“నీళ్ళూ లేవు గీళ్ళూ లేవు. రెండయ్యాయి. మూడోదానికి పాఠం గీఠం అక్కర్లేదు, పట్టు చెయ్యి.”

“ఆగు. ఆగవయ్యా. ఒక్క మాట. బ్రేక్. విరగడం. నువ్వొచ్చింది దీనికోసమేగా? మీ బుల్లి ఏమందో విని కొట్టు.”

“...చెప్పి చావు.”

“నిన్న పాప ఈ గదిలోకి వచ్చేటప్పటికే చేతికి గుడ్డ చుట్టుకుని ఉంది. వేళ్ళు వంకాయల్లా వాచిపోయి ఉన్నాయి. బ్రేక్ అంటే ఏంటమ్మా అన్నాను. మొన్న రాత్రి నాన్న అమ్మని గదిలోకి ఈడ్చుకెళ్ళి తలుపు వేస్తుంటే నేను అడ్డంగా చెయ్యి పెట్టాను మాస్టారూ, తలుపు ఆగలేదు అంది.”

“అబద్ధం.”

“మత్తులో ఉన్నావట. పాప అరుపు కూడా నీకు వినబడలేదట.”

“అబద్ధం! దాని మీద ఈగనైనా వాలనిచ్చానా ఎప్పుడైనా? వాళ్ళమ్మనంటే కొట్టాను గానీ... నువ్వే కొట్టావని పొద్దున మా ఆవిడ ఒట్టేసి చెప్పింది. పిల్ల కూడా తలూపింది!”

“ఊపే ఉంటుంది.”

“ఉండు. మా ఆవిడకి ఫోన్ చేసి దాని నోటితోనే చెప్పిస్తా. చెప్పిందంటే నీ రెండో చెయ్యి కూడా ఉండదు. ఊ... మోగుతోంది. ఎత్తదేం?”

“మళ్ళీ చెయ్యి.”

“మోగుతోంది... మోగుతోంది... ఎత్తట్లేదు. ఇంట్లో ఉండాలే. ఎక్కడికి పోతుంది ఇది?”

“నేనే కొట్టానని నీతో చెప్పమన్నది నేనే, నాయనా. ఇంకే కబురు చెప్పినా నువ్వు మీ ఇంటి గుమ్మం ముందున్న కొట్టు వదిలి కదలవంది మీ ఆవిడ. తల్లీకూతుళ్ళెక్కిన బస్సు ఈపాటికి ఊరు దాటేసుంటుంది. పాఠం అయిపోయింది, ఇక నీ ఇష్టం.”