ఎవరి వీడియో ముందు

హలో… ఆ, నేనే తబితక్కా. మేడ మీంచి దిగిరాకుండా ఫోనేంటి?

…వీడియో ఆగిపోతోందా? చర్చి స్త్రీల సమాజం మీటింగేగా. అధ్యక్షురాలి ఎన్నిక… మీరు మాట్లాడే వంతు వచ్చేసిందా?

…నెట్ కంపెనీవాళ్లకెందుకండి ఫోను. వైఫై బాగానే ఉంది. నేనే మీ ట్యాబుని వెనక్కి నెట్టాను.

…అవునండి, కావాలనే. లైటు కళ్లలో పడుతోందని ఆ వైఫై పెట్టెని కింద మా హాల్లోకి దింపించింది మీరే కదా. దాని యాప్ తెరిచి చూశాను. ఎవరి వీడియో కాల్ ముందు పోవాలో అందులో పెట్టుకోవచ్చు. నేను చూసేసరికి మీ ట్యాబు అన్నిటికన్నా ముందుంది. నా ల్యాప్‌టాప్ అట్టడుగున.

…తెలీక పెట్టారా? దానికి ‘రూబీ’ అని నా పేరు కూడా పెట్టారు.

—నన్ను చెప్పనివ్వండి. మిషన్ స్కూల్లో టీచరు పోస్టుకి వీడియోలో నా ఇంటర్వ్యూ అయిన రోజు గుర్తుందా? పైన మీరేమో పాలకొల్లు కొట్టువాడితో వీడియోలో చీరలు తీయించుకుంటున్నారు. కింద నా మాట ముక్కలు ముక్కలు. ఉద్యోగం మీ చెల్లెలికొచ్చింది. దేవుని చిత్తం అన్నారు. పైగా పూతరేకులు పంపారు.

…తోడికోడళ్ల మధ్య ఇవన్నీ ఎందుకంటారా? అప్పుడు గుర్తు రాలేదా అక్కా?

…సిమ్ డేటానా? పెట్టుకోండి. ఈ ఇంట్లో అది మాటకి అందుతుంది, బొమ్మకి అందదు.

…ఏడవకండి. ముందుకి తెస్తాను. నన్ను ఇంటర్వ్యూ చేసిన సంపూర్ణమ్మగారు ఆ మీటింగులోనే ఉన్నారుగా? నా మాట ఎందుకు తెగిపోయిందో ఆవిడకి చెప్పండి. అందరూ వినేలా.

…చెప్పరా? అయితే సరే, ఉంటాను—

…చెప్తారా? ఆ, ముందుకి తెచ్చాను. బొమ్మ వచ్చిందా? ఈ ఫోను పక్కన పెట్టండి, కట్ చెయ్యకండి. నేనూ వింటాను.

…

…

…విన్నాను. చీరల సంగతి మింగేశారు, పోన్లెండి.

…ఏంటి? మీ చెల్లెలి ఉద్యోగం సంగతి అడుగుతున్నారా సంపూర్ణమ్మగారు?

…ఇప్పుడు మళ్లీ ఆపమంటారా? నెట్ పోయిందని అనుకుంటారనా?

లేదక్కా. నా ల్యాప్‌టాప్ కట్టేశాను. బావగారి టీవీని కూడా వెనక్కి నెట్టాను. వైఫై మొత్తం మీ ఒక్కరికే. మీ మొహం అద్దంలో కనబడ్డట్టు కనబడుతుంది వాళ్లకి. కావాలంటే మీరే కట్ చేసుకోండి, అందరూ చూస్తుండగా.

…పిలుస్తున్నారు, నాకూ వినబడుతోంది. వెళ్లి జవాబు చెప్పండి.

ఉంటానండి.