పద్దెనిమిది ఇళ్ళ సత్యభామ గారు

1992 జూన్ పదిహేనవ తేదీన బెంగళూరులోని మా గ్రామీణ పర్యాటక సంస్థలో గుమస్తాగా చేరిన శ్రీమతి సత్యభామ గారు, ముప్పైమూడు సంవత్సరాల నిరుపమాన సేవానంతరం క్షేత్రాధికారిణిగా పదవీ విరమణ చేస్తున్న ఈ శుభవేళ, వారిని అభినందించడం మా భాగ్యం. తొలి పదేళ్ళు టైపు మిషను ముందు గడిచినా, వారి మనసెప్పుడూ ఊళ్ళ మీదే ఉండేది. కుర్చీలు వదలని మమ్మల్ని చూసి, "ఏమప్పా, ఆడే మొలిచినారా?" అని ఎకసెక్కమాడేవారు.

2012లో దొడ్డబళ్ళాపురం సమీపాన మగ్గాల ఊరైన గుండ్లపాళ్యంలో, పద్దెనిమిది కుటుంబాలు తమ ఇళ్ళలోనే అతిథులకు బస, భోజనం సమకూర్చే పథకానికి వారు శ్రీకారం చుట్టారు. ఊరి పర్యాటకం ఊరివాళ్ళ చేతుల్లోనే నిలవాలన్నది వారి పట్టుదల. అంతటి మనిషీ ఒక పొరపాటు చేశారు. అతిథులు మెచ్చాలన్న ఆత్రంలో, బండలు పరిచిన నాలుగిళ్ళకే అందరినీ పంపసాగారు.

ఒక ఆదివారం పన్నెండు మంది అతిథులతో బస్సు దిగితే, ఏముంది! ఆ నాలుగిళ్ళతో సహా పద్దెనిమిది తలుపులూ మూసి ఉన్నాయి. ఇక పథకం మూలపడ్డట్టేననుకున్నారు సత్యభామ గారు. ఆ నాలుగిళ్ళలో ఒక ఇంటి ఇల్లాలు పాపక్క, అరుగు మీదికి వచ్చి నిలదీసింది.

"పక్కింటోళ్ళు చూస్తా ఉంటే మా ఇంట్లోనే పండగ చేసుకుంటే, రేపు వాళ్ళ మొగం ఎట్ల చూసేది మేడమ్మా? కొళాయి నీళ్ళకే మాకు వంతు ఉండాది. చుట్టాలకు వద్దా?"

మరొకరైతే అధికారం చూపేవారు. సత్యభామ గారు అతిథుల ఎదుటే చేతులు జోడించి, "తప్పు నాదే పాపక్కా. వంతులు మీరే వేయండి," అన్నారు. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అతిథులు మట్టినేల మీద కూర్చుని, రాగి సంగటి మారు అడిగి మరీ తిన్నారు. ఆనాటి నుంచి ఎంతమంది రావాలో, ఎవరింట దిగాలో ఊరి స్త్రీలే నిర్ణయిస్తున్నారు. నీళ్ళు తగ్గిన ఎండాకాలంలో అతిథులు వద్దని చెప్పేదీ వారే.

గత నెల వీడ్కోలు చెప్పడానికి వెళ్ళినప్పుడు సత్యభామ గారికి ఒకటే బెంగ. తాను లేకపోతే ఇదంతా ఏమవుతుంది? ఆ మాట అడిగితే పాపక్క ఫక్కున నవ్వింది.

"పోయినేడు కాలు ఇరిగి మూడు నెలలు నువ్వు రాలేదే, అప్పుడేమన్నా ఆగిపొయ్యిందా మేడమ్మా? చెప్తే బాధపడతావని గమ్మున ఉండాము!"

తిరుగు బస్సులో సత్యభామ గారు కంటతడి పెట్టుకున్నారట. "నేను అక్కరలేని రోజు కోసమేగా ఇన్నేళ్ళు తిరిగింది? అయినా ఏడుపొచ్చింది," అని మర్నాడు మాతో చెబుతూ నవ్వేశారు.

గుండ్లపాళ్యానికి వారి అవసరం తీరిపోయిందేమో గాని, భర్త వెంకటరమణప్ప గారికీ, బిడ్డలకూ, మాకూ ఎన్నటికీ తీరదు. కనుక సత్యభామ గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు మా మధ్య వర్ధిల్లాలని, ఎప్పటిలా మమ్మల్ని తిడుతూనే ఉండాలని మనసారా ప్రార్థిస్తున్నాము.