వచ్చే ఏడు చూద్దాం

మున్సిపల్ ఆఫీసు మేడమీద గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల చైర్‌పర్సన్, లెక్కల గుమాస్తా తప్ప ఎవరూ లేరు.

"బడ్జెట్‌లో ఇదొక్కటే మిగిలిందమ్మా. మన ఆఫీసు మెట్ల పక్కన వాలుబాట, అదే ర్యాంపు."

"మళ్లీ అదేనా! ఎప్పట్లాగే వచ్చే ఏడు చూద్దామని రాయండి బాబాయ్."

"ఇక అలా రాయడానికి వీల్లేదమ్మా. కొత్త చట్టం వచ్చిందిగా, బడ్జెట్ రెండేళ్లకొకసారే, వచ్చే ఏడు బడ్జెట్టే ఉండదు. ఇస్తామో, ఇవ్వమో ఇప్పుడే తేల్చాలి."

"ఇవ్వనని నేనెప్పుడైనా అన్నానా?"

"అనలేదు. ఆరేళ్లుగా వచ్చే ఏడే అన్నారు. ప్రతిసారీ కిందికెళ్లి ఆ మాట చెప్పొచ్చింది నేను."

"రోడ్లకే చాలక చస్తున్నాం. ఈసారికి లేదని రాసేయండి."

"రాస్తాను. చెప్పడం మాత్రం నావల్ల కాదు. అర్జీ పెట్టిన మాస్టారు చక్రాల కుర్చీలో పొద్దుట్నుంచీ కిందే ఉన్నారు."

"అయ్యో, అంతసేపా? పైకి పిలవకపోయారా? నేనే నచ్చజెప్పేదాన్ని."

"పైకి రాగలిగితే ఆయన అడిగేదేముందమ్మా?"

లోపల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"ఆరేళ్లలో ఆయన మొహం నేనొక్కసారీ చూళ్లేదు బాబాయ్."

"అవునమ్మా."

"ఇస్తున్నామని రాసి, ఆ కాగితం తీసుకుని పదండి. కిందే, ఆయన ముందే సంతకం పెడతాను."