ప్రార్థనల ఉన్నోన్ని లేపొద్దన్నరు

"అమ్మమ్మా, ఎండకాలం సెలవులల్ల మా మందిరం యూత్‌కు ప్రార్థనల రిట్రీట్ పెడుతున్నం. మహేశ్వరం దిక్కు ఒక తోట మాట్లాడినం. అప్పట్ల మీరు ఎట్ల పెడుతుంటిరి, జర చెప్పవా? ఏకాంత ప్రార్థన గూడ పెట్టాలనుకుంటున్నం."

కూసో కరుణా. గా కుర్చీ కాదు, దాని కాలు ఇరిగింది, ఇటు మంచం మీద కూసో. ఏకాంత ప్రార్థననా? నిన్ను నా తానకు ఎవరు తోలిండ్రే? మీ అమ్మకు చెప్పి వచ్చినవా? చెప్పలే. అవ్, చెప్తే రానియ్యకపోతుండె. మీ అమ్మ రాణి గిదే వాడల ఉంటది, గని నా మొకం సక్కగ సూసి ఎన్నేండ్లాయెనో.

సరే, అడిగినవ్ గద, ఇను.

గప్పుడు ఇబ్రహీంపట్నంల మనది రేకుల మందిరం. ఈస్టర్ దాటినంక పాస్టర్ అయ్యగారు, సంఘపెద్దలు, నేను, మా ఆడిబిడ్డ మార్తమ్మ, అందరం కూసుంటుంటిమి. వాక్యం ఎవరు చెప్పాలె, పాటలు ఎవరు పాడాలె అని అయ్యగారు సూస్తుండె. వంట గంజులు ఎవరింట్ల అడగాలె, కట్టెలు యాడికెళ్ళి తేవాలె అని మేం సూస్తుంటిమి. బియ్యం కొనేది లేకుండె బిడ్డ. ఇంటింట్ల అన్నం వండినప్పుడల్ల ఒక పిడికెడు దేవునికని తీసి కుండల ఏస్తుండ్రి. గా బియ్యమే రిట్రీట్‌కు. సన్నయి, దొడ్డయి అన్ని ఒక్కతాన కలిస్తే అన్నం ఎట్లుంటది? ఒక దిక్కు మెత్తగ, ఒక దిక్కు పలుకు. పిల్లలు నవ్వుతుంటే మార్తమ్మకు కోపమొచ్చి గంటె పట్టుకొని ఎంట పడుతుండె. పప్పు గూడ గింత పిరం లేకుండె అప్పుడు... ఏం చెప్తున్న? ఆఁ, తోట.

రావిర్యాల కాడ మామిడి తోట. తెలిసినాయనది, ఊకెనే ఇస్తుండె. బాయి ఉండె, పెద్ద పెద్ద రాతి గుండ్లుండె. ఇప్పుడు అక్కడ కంపెనీలొచ్చినయ్, రోడ్లొచ్చినయ్. బస్సుల పోయినా నేను అటు సూడ.

గోడ మీద ఫోటో సూస్తున్నవ్ గద. వాడే, నా రెండో కొడుకు దయాకర్. ఇంటర్ సదువుతుండె. వాడు భక్తిపరుడు కాదే. ప్రార్థనంటే ఒక్క కన్ను తెరిచి అందర్ని సూస్తడు, బాలు దొరికితే మందిరం ఎనకాల ఆటకు పోతడు. నేను వానికోసం మోకాళ్ళ మీద ఎంత ఏడ్చిననో. ఆ ఏడు వాడే వచ్చి "అమ్మా, నేను గూడ రిట్రీట్‌కు వస్త" అన్నడు. నాకు సంబురం చెప్పతరం కాదు.

రెండో దినం ఉపవాసం. ఏకాంత ప్రార్థన అయిపోయేదాక నీళ్ళు గూడ ముట్టొద్దు. ఎవరికి వాళ్ళు బైబిల్ పట్టుకొని ఒక్కో చెట్టు కిందికి పోవాలె. ఎవ్వరు ఎవర్ని పలుకరియ్యొద్దు. దేవుడు మాట్లాడుతుంటే నడుమల పోవద్దని మా పద్ధతి. వాడు పొద్దుగాల్నుంచి బాయికాడికెళ్ళి ఉపవాసం ఇడిచినంక తినే వంటకు నాకు నీళ్ళు మోసిండు. "దూప అయితలేదారా" అన్న. "అయినంక తాగుత తియ్యవే" అన్నడు. పోయి గుండు పక్కన నీడల మోకరిల్లిండు.

అందరు లేచి వచ్చిండ్రు. వాడు లేవలే. గుండు మీద చేతులు, చేతుల మీద తల. అయ్యగారి కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్ బిడ్డ. "సూడుండ్రి, దేవుడు దయాకర్‌ను పట్టుకున్నడు" అన్నడు. నేను లేపబోతే మార్తమ్మ చెయ్యి పట్టుకుంది. "వదినె, ఇన్నేండ్ల ఏడుపుకు జవాబొచ్చింది, చెడగొట్టకు" అన్నది.

మీ అమ్మ అప్పుడు లంగ ఓణీ పిల్ల. అందరికన్న చిన్నది. గా పిల్లకే కనవడ్డది. "పెద్దమ్మా, నీడ జరిగింది, అన్న మీద ఎండ పడుతుంది" అన్నది. పెద్దలు దాన్ని కసిరిండ్రు. ప్రార్థనల ఉన్నోన్ని లేపొద్దు, ఊకో అన్నరు. అది బుగులువడి ఊకుంది.

ఆఖరికి నేనే ఉండబట్టలేక పోయిన. భుజం మీద చెయ్యేసిన. అంగి కాలుతుంది. చెమట లేదు. అట్లనే పక్కకు ఒరిగిండు.

ట్రాక్టర్ల ఏసుకొని దవాఖానకు ఉరికినం. వడదెబ్బ అన్నరు. ఇంటికి తెచ్చుకున్నం గని... ఎట్ల తెచ్చుకున్నమో నీకు చెప్పేదేముంది.

అయ్యగారు మస్తు దినాలు వచ్చి గడపల కూసునేది. ఆయన మీద నాకు కోపం లేదు. గని వచ్చినోళ్ళంత "ప్రార్థనల పోయిండు, ధన్యుడు" అంటుంటే ఒళ్ళు మండుతుండె. వాడు ప్రార్థన జేసిండో, కండ్లు తిరిగి పడ్డడో ఎవరికెరుక? అమ్మా అని పిలిచిండేమో. పొయ్యి కాడ పిల్లల లొల్లిల నాకు ఇనవడలేదేమో. ఇప్పటికీ అన్నం ముంగట వెట్టుకుంటే గదే యాదికొస్తది.

ఆ ఏడుతోని రిట్రీట్లు బంద్. మల్ల ఎవ్వరు పేరెత్తలే. ఇగో, ఇన్నేండ్లకు నువ్వొచ్చినవ్.

ఏడ్వకు. పెట్టు, నేను ఒద్దనను. ఏకాంత ప్రార్థన గూడ పెట్టు. గని ఒక్కొక్కర్ని పంపకు. ఏసయ్య శిష్యులను ఇద్దరిద్దర్ని పంపిండు గద, గట్లనే పంపు. నీళ్ళు తాగనియ్యి. ఎవరన్న లేస్తలేరంటే పోయి భుజం మీద చెయ్యెయ్యి, పేరు వెట్టి పిలువు. ప్రార్థన చెడగొట్టినవని ఎవరన్న అంటే సుగుణమ్మ చెప్పిందను. దేవునికి కోపమొస్తే నేను మాట్లాడుకుంట.

ఇంకో మాట. మీ అమ్మను ఒకసారి రమ్మను. ఆ దినం నా కొడుకును సూసింది ఆమె ఒక్కతే. మేమంత మా సంబురాన్ని సూసుకున్నం. గట్లనే చెప్పు ఆమెకు.

దా, జర వంగు, నా చెయ్యి అందుతలేదు. ప్రభువు నిన్ను సల్లగ సూడాలె. ఎంతమందిని తోల్కపోతవో అంతమందిని తోల్కరా బిడ్డ. అందర్ని... ఒక్కరు గూడ...