ఇంటర్వెల్ ముందే చచ్చిపోయేవాడు

కెనడాలోని వాన్ నగరంలో ఒక కాలేజీ. రెండో అంతస్తు వరండాలో, ప్రొఫెసర్ గదికి ఎదురుగా ఉన్న బెంచీ మీద అమరేశ్వరరావు, ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న కావ్యశ్రీ.

"ఓయ్ జగిత్యాల కలెక్టరమ్మా! ఏంటా మొహం, నీళ్లలో నానబెట్టిన అప్పడంలాగా? మేడమ్ నిన్ను మెచ్చుకోడానికే పిలిచిందేమో. శాలువా కూడా తేలేదు కదే మనం."

"అంకుల్, ప్లీజ్. జోకులు ఇంటికి పోయినంక."

"మరి నన్నెందుకు లాక్కొచ్చావు? షిఫ్ట్ మానుకుని మరీ వచ్చా. అక్కడ గోడౌన్లో నా ఫోర్క్‌లిఫ్ట్ బండి బెంగ పెట్టుకుని ఉంటది."

"ఎందుకో కార్లనే చెప్పిన కదా. మేడమ్ మెయిల్ పెట్టింది. పదకొండున్నరకు రా, నీ వ్యాసానికి ఆధారాలు తీసుకొని రా అన్నది. నాకున్న ఆధారం మీరే. ఇంకేం లేదు."

"నేనా? నేనొక ఆధారమా? ఈ మాట మీ రత్నకుమారి ఆంటీ వినాలమ్మా, పడీపడీ నవ్వుద్ది."

"టైమ్ పదకొండు పది. ఇరవై నిమిషాలున్నది. జల్ది చెప్పండి, ఆ యాక్టర్ గురించి మీరు ఏ పుస్తకంల చదివిన్రు?"

"ఏ యాక్టరు?"

"ఏ యాక్టరా? వాల్టర్ గ్రిమ్స్‌బీ అంకుల్! పాత హాలీవుడ్ల డెబ్బై సినిమాలు చేసిండు, ఒక్క దాంట్ల గూడ హీరో కాదు, అన్నీ చిన్న చిన్న వేషాలే అని మీరే చెప్పిన్రు కదా!"

"ఆఁ... ఆయనా. ఆయన మంచి నటుడమ్మా."

"మంచి నటుడే. ఏ పుస్తకం?"

"పుస్తకమంటే... పుస్తకం కాదులే. నేను పదో క్లాసు తర్వాత పుస్తకం ముట్టుకుంటే ఒట్టు."

"మరి పేపర్లనా? టీవీలనా? అంకుల్, నా దిక్కు చూడండి."

"చూస్తున్నా కదా."

"గోడ దిక్కు చూస్తున్నరు."

"గోడ బాగుంది. కొత్తగా రంగేశారనుకుంటా."

"ఇది నవ్వులాట కాదు! నేను వచ్చింది సప్లయ్ చెయిన్ చదువనీకి. ఇంకేదన్న ఒక సబ్జెక్ట్ తీసుకోవాలంటే పాత సినిమాల క్లాస్ తీసుకున్న, ఈజీ ఉంటదని. చిన్న వేషాలేసే యాక్టర్ ఒకాయన మీద పన్నెండొందల పదాలు రాయమన్నది మేడమ్. శుక్రవారం అయిదింటికి డెడ్‌లైన్. పొద్దుగాల్నుంచి వేర్‌హౌస్‌ల చేసి, మధ్యాహ్నం రెండింటికి వచ్చి మీ కిచెన్ల కూసున్న. మీరు ఉల్లిగడ్డలు కోసుకుంట చెప్పిన్రు, నేను టైప్ చేసిన. యాదికున్నదా?"

"ఎందుకు గుర్తులేదు? కళ్లెమ్మట నీళ్లు కారిపోయాయి నాకు, ఆ ఉల్లిపాయలకి."

"ఉల్లిగడ్డలకా? నేను ఆయన కోసం ఏడుస్తున్నరనుకున్న! అది గూడ రాసిన వ్యాసంల!"

"ఏమని రాశావ్?"

"'సముద్రాల అవతల, తెనాలి అనే ఊళ్లె ఇప్పటికీ ఆయన కోసం ఏడ్చే మనుషులున్నరు' అని."

"బాగా రాశావే. నాకే ఏడుపొస్తోంది."

"అంకుల్!"

"సరే సరే. ఇంకేముంది ఆ మెయిల్లో?"

"ఒక లైన్ దగ్గర కామెంట్ పెట్టింది. 'ఈయన ప్రతి సినిమాల ఇంటర్వెల్ ముందే చచ్చిపోతడు' అని రాసిన కదా. దాని పక్కన 'ఏ ఇంటర్వెల్?' అని అడిగింది."

"ఏ ఇంటర్వెల్ ఏంటి? ఇంటర్వెలే. లైట్లేస్తారు, సోడాలు కొడతారు, పల్లీలు..."

"ఆ సినిమాలకు ఇంటర్వెల్ లేదంకుల్! మీ తెనాలి థియేటరోడు మధ్యల ఆపిండు!"

"ఓర్నీ! అంటే ఆపరేటరు ఎక్కడ బొమ్మ ఆపితే అక్కడ చచ్చాడా మనవాడు? ఇన్నాళ్లూ అదేదో పెద్ద ప్లానింగనుకున్నానే నేను."

"దాని కింద ఇంకో లైన్ ఉన్నది. ఈ పేరుతోని ఏ నటుడూ దొరకలేదు, ఈ వ్యాసం కంప్యూటర్‌తోని రాయించినవా అని."

"పోనీలే. రెండు మార్కులు తక్కువేస్తది. దానికింత గాభరా ఎందుకు? నేను చదువుకునే రోజుల్లో లెక్కల్లో నాకు ఎన్నొచ్చాయో తెలుసా..."

"మార్కులు కాదంకుల్. మీకు ఒకటి చెప్పలే నేను. ఆంటీకి గూడ చెప్పలే."

"ఏంటది?"

"ఫస్ట్ సెమిస్టర్ల ఒక దోస్తు నా అసైన్‌మెంట్ చూసి రాసింది. ఇద్దరికీ వార్నింగ్ ఇచ్చిన్రు. అది నా ఫైల్ల ఉన్నది. ఇది రెండోది."

"రెండోదైతే ఏం చేస్తారు?"

"ఒక సెమిస్టర్ సస్పెండ్."

"ఒక్క సెమిస్టరే కదా. ఇంట్లో కూచో, మీ ఆంటీతో సీరియల్స్ చూడు..."

"సస్పెండ్ అయితే ఫుల్‌టైమ్ స్టూడెంట్‌ని కాదంకుల్. మధ్యల గ్యాప్ పడితే చదువయినంక వర్క్ పర్మిట్ రాదు. వర్క్ పర్మిట్ రాకపోతే బ్యాగ్ సదురుకునుడే. రెండేళ్లు పడ్డ కష్టమంత ఈ ఒక్క వ్యాసంతోని పోతది. అంకుల్? ఏమాయె? ఒక్క జోకు గూడ రాలే."

"కావ్యమ్మా, మంచినీళ్లున్నాయా?"

"ఇగో. తాగండి. తాగి పుస్తకం పేరు చెప్పండి. ఎవలన్న చెప్పిన్రా మీకు? ఎవలో చెప్తే వాళ్లకు ఫోన్ చేస్త."

"మా ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఒక కార్డు ఉంటది, చూశావా?"

"ఇల్లు వెచ్చగ చేసే ఫర్నేస్ రిపేర్ చేసేటాయన కార్డు. దాన్తోని ఏం పని ఇప్పుడు?"

"దాని మీద పేరు చూశావా ఎప్పుడన్నా?"

"చూసిన. వాల్టర్... వద్దంకుల్. వద్దు. అది చెప్పొద్దు."

"చెప్పక తప్పదమ్మా."

"నేను మన ఫర్నేస్ బాగుచేసేటాయన మీద పన్నెండొందల పదాలు రాసిన్నా?"

"మంచి పనోడే పాపం. పోయిన జనవరిలో ఫోన్ చేస్తే గంటలో..."

"నవ్వకండి!"

"నవ్వట్లేదే. నా మొహం చూడు. నేను నవ్వుతున్నానా? గంటలో నీకే తెలిసిపోద్దనుకున్నా. గూగుల్లో చూసి, మెట్లెక్కొచ్చి నన్ను నాలుగు తిడతావు, టీ తాగుతా నవ్వుకుందాం అనుకున్నా. నువ్వు రాలా. మర్నాడే నేను కాల్గరీ ఎళ్లిపోయా, మా అబ్బాయి శ్రీహర్షగాడి దగ్గరికి. పది రోజులుండేసరికి మర్చేపోయా."

"గూగుల్ల చూసిన. దొరకలే. అయినా రాసిన. ఎందుకో తెల్సా?"

"ఎందుకు?"

"మీరు చెప్పిన్రని. ఈ దేశంల నన్ను మోసం చెయ్యరు అని నేననుకున్నది మిమ్మల్ని, ఆంటీని. ఇద్దర్నే. ఇప్పుడు చెప్పండి. మొత్తం అబద్ధమేనా? దొంగలొస్తే టోపీ తీసి దండం పెట్టే బ్యాంక్ గార్డు? ఓడల వంటోడు? చెవుడున్న జడ్జి?"

"వాళ్లు అబద్ధం కాదు. వాళ్లందర్నీ చూశా. మా ఊళ్లో ఆదివారం పొద్దునాట ఇంగ్లీషు బొమ్మ వేసేవాడు. నాకు పదేళ్లు. అవి ఎప్పటివో అరిగిపోయిన ప్రింట్లు, తెర మీద ఎప్పుడూ వాన పడతన్నట్టే ఉండేది. మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. హీరోలెవరో గుర్తులేదు. ఈ చిన్న వేషాలోళ్లే గుర్తుండిపోయారు, ఒక పదిమంది."

"పదిమంది? మీరు ఒకడే అన్నరు కదా!"

"అదే నేను కట్టిన కథ. గార్డు బక్కోడు. జడ్జి ఇంత లావు. వంటోడికి బొడ్డు దాకా గడ్డం. ఎవడికెవడూ సంబంధం లేదు. పదిమందినీ ఒక దారానికి గుచ్చి, ఫ్రిజ్ మీద పేరు తగిలించి నీ చేతిలో పెట్టా."

"టైమ్ పదకొండు ఇరవై రెండు."

"ఆగు, ఆగు. కంగారు పడొద్దు. ఒక ఐడియా ఉంది. నేను లోపలికెళ్లి, ఇండియాలో రిటైరైన సినిమా లెక్చరర్‌నని చెప్తా. డాక్టర్ రావ్. పుస్తకం ఇంట్లో ఉండేది, వరదల్లో కొట్టుకుపోయిందని..."

"వద్దు."

"కళ్లజోడు పెట్టుకుంటే నేను లెక్చరర్‌లాగే..."

"వద్దన్న కదా! ఇంకొక్క అబద్ధం చెప్పిన్రనుకోండి, మీ బేస్‌మెంట్ ఇయ్యాలనే ఖాళీ చేస్త. మళ్ల మీ మొహం చూడ."

"అంత మాటనకే."

"అంట. నాకు దిక్కులేక మిమ్మల్ని తీసుకొచ్చిన. మీరు మళ్ల గదే చేస్తున్నరు."

"సరే. నిజం చెప్తా."

"నిజమా? మీకొస్తదా?"

"అలవాటు లేదు. చూద్దాం. నువ్విక్కడే కూచో. ఆధారం తెమ్మంది కదా, ఆధారమే నడిచొచ్చిందని చెప్తా. ఆ పిల్ల తప్పేం లేదంటా."

"మీ ఇంగ్లీషు..."

"ఇరవై రెండేళ్ల నుంచి ఆ ఇంగ్లీషుతోనే బతుకుతున్నా ఈ ఊళ్లో. తిట్టించుకోడానికి ఆ మాత్రం చాలు. లే, లే, తలుపు తీస్తోంది. గుడ్ మార్నింగ్ మేడమ్! అయ్ యామ్ ది సోర్స్!"

ముప్పై నిమిషాల తర్వాత, అదే బెంచీ.

"అంకుల్! ఏమన్నది?"

"కూచోనీ."

"కూసున్నరు కదా, చెప్పండి. ముందుగాల నవ్వులినబడ్డయి. తర్వాత కుర్చీలు జరిపిన సప్పుడు. ఆ తర్వాత పది నిమిషాలు ఏం లేదు. నేనిక్కడ చచ్చిపోయిన. సస్పెండా?"

"కాదు."

"అంకుల్, మీ కాళ్లు మొక్కుత, ఇప్పుడు మాత్రం జోక్ చెయ్యకండి."

"కాదే. ఫైల్లో ఏం రాయనంది. వచ్చే శుక్రవారం లోపల సరిచేసి మళ్లీ ఇమ్మంది."

"ఒట్టు?"

"మీ ఆంటీ మీద ఒట్టు. లోపలికెళ్లి నువ్వే అడుగు."

"అమ్మా! దేవుడా! మరి అట్ల మొహం పెట్టుకొని వచ్చిన్రేంది? నా పానం పోయింది. అంకుల్? పానం బాగలేదా?"

"బానే ఉన్నా."

"ఏమైంది లోపట? మొదట్నుంచి చెప్పండి."

"ఎళ్లగానే ఒప్పేసుకున్నా. కంప్యూటర్ కాదు మేడమ్, అబద్ధాల కంప్యూటర్‌ని నేనే, ఆ పిల్ల నన్ను నమ్మడం ఒక్కటే చేసిన తప్పు అన్నా. పేరు ఫర్నేస్ ఆయనది అనంగానే పగలబడి నవ్వింది. సరే, ఆ పదిమంది ఎవరో చెప్పు అంది. నాకు పేర్లు రావు కదా. లేచి చేసి చూపించా."

"యాక్షన్ చేసిన్రా? ప్రొఫెసర్ ముందట?"

"గార్డు టోపీ ఎట్టా తీస్తాడో చేశా. జడ్జి చెవి దగ్గర చెయ్యి ఎట్టా పెడతాడో చేశా. వంటోడు గరిటె నాకి ఎట్టా పడిపోతాడో, నిజంగానే కింద పడి చూపించా. అక్కడ నవ్వడం ఆపేసింది. 'మిస్టర్ రావ్, ఇంకొకటి చేయండి' అంది. రైలు టిక్కెట్లు చింపేవాణ్ణి చేశా. ఇంకొకటి అంది. హోటల్ గుమాస్తాని చేశా. లేచి కంప్యూటర్ నా వైపు తిప్పింది."

"ఏమున్నది దాంట్ల?"

"ఫోటోలు. ఉన్నారమ్మా, నా పదిమందీ ఉన్నారు. గార్డు, జడ్జి, వంటోడు. యాభై ఏళ్ల తర్వాత చూశా. వాన లేకుండా, శుభ్రంగా."

"దొరికిన్రా? అయితే పదిమంది పేర్లు ఇచ్చిందా? నేను ఎవల మీద రాయాలె?"

"ఒక్క పేరే ఇచ్చింది. ఇదిగో కాగితం, చదువు."

"ఓటిస్ ఫెర్న్‌లీ. ఈయనెవలు? గార్డా, జడ్జా?"

"ఆయనే."

"ఆయనే అంటే? ఏ ఆయన?"

"అందరూ ఆయనేనే. గార్డు ఆయనే, జడ్జి ఆయనే, గడ్డమోడు ఆయనే. ఒళ్లు పెంచాడు, తగ్గించాడు, పళ్లు మార్చాడు, నడక మార్చాడు. సగం సినిమాల్లో పేరు కూడా వెయ్యలేదంట పాపం. చెయ్యి మటుకు మార్చుకోలేకపోయాడు. ఏది ముట్టుకున్నా ఎడం చేత్తో, రెండు వేళ్లతో. నేను చేస్తుంటే నా చేతిలో చూసి పట్టేసింది ఆవిడ. నా చేతికి తెలుసు. నాకు తెలీలేదు."

"ఆగండి. అంటే, మీరు ఆ రోజు నాకు చెప్పింది... ఒక్క పేరు తప్ప అంత నిజమేనా?"

"గట్టిగా అనకే, ఎవరన్నా వింటారు."

"అంకుల్, నన్ను బకరాని చేద్దామని నిజం చెప్పిన్రా మీరు?"

"ఊళ్లో అందర్నీ బకరాలు చేశానని ఇన్నేళ్లూ మీసం తిప్పుకుంటా తిరిగానమ్మా. నేల టిక్కెట్టులో కూచున్న నన్ను ఒకే మనిషి పదిసార్లు బకరాని చేసి పోయాడు, నాకిప్పటిదాకా తెలీలా."