సర్పంచమ్మ ఇంటి మిద్దె

ఆస్పరి దగ్గరి ఒక ఊళ్లో, ఎండకు కాగే స్లాబులకు సున్నం పూయిస్తున్న మాజీ సర్పంచమ్మ బకెట్టుతో పక్క వీధిలో అత్తతో ఉండే ఒక కోడలి ఇంటికి వచ్చింది.

"రెండు పూతలు ఏస్తే ఇల్లు సల్లబడతాది సెల్లీ. నేనే ముందుండి ఊరంతా ఏయిస్తాండాను."

"మట్టి మిద్దెలు పడగొట్టించి స్లాబులు ఏయించినప్పుడూ నువ్వే ముందుంటివి కదక్కా."

"ఏటా వానలకు ముందు మిద్దె కారకుండా పైకి చౌడుమట్టి మోసే బాధ తప్పుతాదనుకుంటి. ఎండ సంగతి తలవలేదు. మీ అత్త యాడ?"

"పగలంతా పశువుల కొట్టంలోనే. స్లాబు కింద ఆమెకు ఊపిరాడదు."

సర్పంచమ్మ బకెట్టు కింద పెట్టింది.

"మరి మీ మట్టి మిద్దె మాత్రం ఎందుకు పడగొట్టలేదక్కా?"

"మా అత్త ఒప్పుకోలేదు."

"మా అత్తా ఒప్పుకోలేదు. నీ మాట నమ్మి నేనే ఒప్పిస్తిని."