జీడికొమ్మ మీద బదనిక

కంచిలి దగ్గర జీడితోటలో, పూత మాడిన చెట్టు కింద, కొమ్మ మీది బదనికను నరికెయ్యడానికి అత్త కత్తి పట్టుకుని నిలబడింది. కోడలు చెట్టుకు అడ్డంగా నిలబడింది.

“తప్పుకో పిల్లా. బదనిక సెట్టు రసం తాగేత్తాది. దీనివల్లే పూత మాడిపోనాది.”

“రసం తాగే బదనిక ఇంకోటత్తా. ఇది కొమ్మని పట్టుకునుంటాది, అంతే. గాల్లో తేమ, వానసినుకు సాలు దీనికి.”

“నువ్వు సూసొచ్చినావేటి? అడ్డు రాకు.”

“ఆగత్తా! ఒక్క వేరు నానే ఊడదీత్తాను. కింద బెరడుకి సిల్లుంటే నరికీ.”

“తియ్యి, సూత్తాను.”

కోడలు తెల్లటి వేరొకదాన్ని గోటితో లేపింది. అది సగానికి తెగింది; కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని కింద బెరడుకు ఎక్కడా చిల్లు లేదు. అత్త వేలితో తడిమి చూసింది.

“మరి పూతెందుకు మాడినాది?”

“మంచుకత్తా. పక్కతోటలో బదనికే లేదు, ఆల పూతా మాడిపోనాది కదా.”

“సరే. ఒక్క వేరు తెగితే ఏడుపెందుకే?”

“పోర్టు కోసం మా ఊరు ఖాళీ సేసినప్పుడు, మా అమ్మ పెరట్లో మామిడికొమ్మ మీంచి దీన్ని బెరడుతో సహా తెచ్చుకున్నాను. మూడేళ్ళకి ఇప్పుడే మొగ్గేసినాది. ఆ ఊరిది నాకింకేటీ మిగల్లేదత్తా.”

అత్త కత్తి కింద పెట్టింది.

“నువ్వు పొద్దున్నే జీడి ఫేక్టరీకి ఎల్లిపోతావు. మరి దీనికి నీళ్ళెవులు పోత్తారు?”

“పొయ్యకూడదత్తా, కుళ్ళిపోతాది. సిలకరించాల.”

“అదే, రోజుకెన్నిసార్లో సెప్పు. నాను సిలకరిత్తాను.”